లేతుని ఇద్దరికి పంచడం ఎలా

మా బొబ్బిలి చుట్టుపక్కల కిర్లోస్కర్ అంటే ఇంజనే. వేగావతి పక్కన చెరకు వేసిన పెద్దవాళ్లని ఎవర్ని అడిగినా, ఒకప్పుడు ఊరికి ఒకటో రెండో ఉండేవని, రాత్రిపూట దాని టకటక వినపడితే ఎవరి మడికి నీళ్లు పారుతున్నాయో మంచమ్మీంచే చెప్పగలిగేవాళ్లమని అంటారు. తర్వాత కరెంటు మోటార్లు, పంపులు వచ్చాయి. వాటి మీదా అదే పేరు.

మా ఇంట్లో మాత్రం ఆ పేరు లేతుది, అంటే ఇనప ముక్కని గిర్రున తిప్పుతూ ఉలితో చెక్కే మిషనుది. దాని తల, హెడ్‌స్టాక్ మీద ఇత్తడి ప్లేటు, దాని మీద మైసూర్ కిర్లోస్కర్ లిమిటెడ్, హరిహర్ అని ఇంగ్లీషులో ఉండేది. ఆయుధపూజ ముందురోజు ఆ ప్లేటుని చింతపండు పెట్టి తోమడం నా వంతు. నాన్న షాపులో నేను లేతు తిప్పలేదు, ఇంటర్ చదివే రోజుల్నించి ఖాతా పుస్తకం రాశాను. ఇప్పటికీ రాస్తున్నాను.

కిర్లోస్కర్ కుటుంబం గురించి ఎవరు రాసినా నాగలి, పంపు, ఇంజను అని మూడు ముక్కలు చెప్తారు. లేతు ఒక వాక్యంలో తేలిపోతుంది, ఆ వాక్యం కూడా ఉంటే. నాకది నచ్చదు. వాళ్లు చేసిన వస్తువుల్లో మిగతా వస్తువుల్ని చేసిపెట్టేది అదొక్కటే. ఇంజను షాఫ్టు తిరిగేది లేతు మీద, పంపు బుష్షు బోరు పడేది లేతు మీద. కాబట్టి ఈసారి లేతు వైపు నుంచి చెప్తాను. మధ్యలో మా ఇంటి గొడవ కూడా వస్తుంది, భరించండి.

లక్ష్మణరావు కిర్లోస్కర్ 1869లో బెల్గాం జిల్లా గుర్లహొసూరులో పుట్టాడు. బొమ్మలు వెయ్యాలని బొంబాయి వెళ్లి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరాడు. కొన్ని రంగులు ఆయన కంటికి సరిగా ఆనవని అక్కడ తేలింది. చిత్రకారుడు కాబోయేవాడికి అంతకంటే దెబ్బ ఏముంటుంది! ఆయన మాత్రం రంగుతో పని లేని డ్రాయింగులోకి, అంటే మెకానికల్ డ్రాయింగులోకి మళ్లాడు. అది నేర్చుకుని విక్టోరియా జూబిలీ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్‌లో మాస్టారయ్యాడు. ఈ సంగతి నాన్నకి చదివి వినిపిస్తే, "ఆ బాబుకి కళ్లు బాగుంటే మనకి లేతు ఉండీది కాదన్నమాట" అన్నాడు.

ఆ గ్రూపు వాళ్లు తమ పుట్టిన ఏడు 1888 అని చెప్పుకుంటారు. అప్పుడు పెట్టింది కార్ఖానా కాదు, బెల్గాంలో సైకిళ్ల కొట్టు. లక్ష్మణరావు బొంబాయిలో సైకిళ్లు కొని పంపేవాడు, అన్న రామన్న బెల్గాంలో అమ్మేవాడు. సైకిలు తొక్కడం నేర్పడానికి పదిహేను రూపాయలు పుచ్చుకునేవాళ్లట. ఆ రోజుల్లో పదిహేను రూపాయలంటే మాటలా! కాలేజీలో తనకి రావాల్సిన ప్రమోషన్ ఒక ఆంగ్లో ఇండియన్‌కి ఇచ్చారని లక్ష్మణరావు ఉద్యోగం వదిలేసి బెల్గాం వచ్చేశాడు. అన్నదమ్ములిద్దరూ చిన్న వర్క్‌షాపు పెట్టారు. ముందు పశువుల మేత కోసే మిషను, ఆ తర్వాత ఇనప నాగలి.

నాగలి కథ చాలామందికి తెలిసిందే. ఇనుము తగిలితే భూమికి విషమెక్కుతుందని రైతులు నమ్మేవాళ్లు. మొదటి నాగలి అమ్ముడుపోవడానికి రెండేళ్లు పట్టింది. ఇది చదివిన ప్రతివాళ్లూ రైతుల మూఢనమ్మకం అని నవ్వుతారు. నాకు నవ్వు రాదు. ఏడాదికి ఒక్క పంట తీసే మనిషి ఎవరో చెప్పాడని భూమి మీద పరీక్ష పెట్టుకోడు. మా రైసుమిల్లు ఆసాములు కూడా అంతే. కొత్త రకం బేరింగు వెయ్యమంటే, ముందు పక్క మిల్లువాడికి వెయ్యి, సీజను దాటితే చూద్దాం అంటారు. నాకు ఆశ్చర్యం వేసేది అన్నదమ్ముల సంగతే. సరుకు కదలని ఆ రెండేళ్లూ కొట్టు మూసెయ్యకుండా ఎలా గడిపారా అని. అది లెక్కలు రాసేవాళ్లకే అర్థమయ్యే బాధ.

విదేశీ నాగలిని చూసి చేశారు, సొంతంగా కనిపెట్టిందేముంది అనేవాళ్లూ ఉన్నారు. ఒక వస్తువుని చూసి అచ్చంగా అలాంటిది చెయ్యడం తేలికనేవాళ్లు ఒకసారి లేతు ముందు నిలబడి చూడాలి.

బెల్గాంలో వర్క్‌షాపు ఉన్న స్థలం మునిసిపాలిటీకి కావాల్సొచ్చి వాళ్లని లేపేశారు. అప్పటికి లక్ష్మణరావు ఔంధ్ సంస్థానంలో ఒక కట్టడం పని చేస్తున్నాడు. అక్కడి రాజు పిలిచి 32 ఎకరాల భూమి, వడ్డీ లేకుండా 10,000 రూపాయల అప్పు ఇచ్చాడు. కుండల్ రోడ్ అనే రైల్వే స్టేషను పక్కన నాగజెముడు, నాగుపాములు తప్ప ఇంకేమీ లేని నేల అది. 1910లో పాతికమంది పనివాళ్లు, వాళ్ల కుటుంబాలతో అక్కడ దిగారు. ఆ ఊరే కిర్లోస్కర్‌వాడి. తర్వాత రైల్వే స్టేషనుకీ ఆ పేరే పెట్టారు. అంటరానితనం పాటించకూడదని ఆ ఊళ్లో కట్టడి. ఒకప్పుడు దొంగతనాలకి జైలుకెళ్లొచ్చిన వాళ్లని రాత్రి కాపలాకి పెట్టుకున్నాడు లక్ష్మణరావు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇనుము దొరక్కపోతే కొల్హాపూర్ మహారాజు పాత ఫిరంగులు ఇచ్చాడని, వాటిని కరిగించి నాగళ్లు పోశారని చెప్తారు. 1920లో కిర్లోస్కర్ బ్రదర్స్ లిమిటెడ్ కంపెనీగా రిజిస్టరైంది.

ఇక లేతు. కిర్లోస్కర్‌లకి మొదట్నించీ లేతులు చెయ్యాలన్న కోరికేమీ ఉన్నట్టు లేదు. నాగళ్లు, పంపులు చెయ్యాలంటే లేతులు కావాలి, అవి సముద్రం దాటి రావాలి. రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి ఓడల్లో మిషన్లు రావడం కష్టమైపోయింది. దేశంలో అందరికీ లేతులు కావాలి, చేసేవాళ్లు తక్కువ. అలాంటి సమయంలో, 1941లో, మైసూరు సంస్థానంలో తుంగభద్ర ఒడ్డున ఉన్న హరిహర్‌లో మైసూర్ కిర్లోస్కర్ మొదలైంది. లేతుల కోసమే పెట్టిన కంపెనీ అది.

లేతు చెయ్యడంలో ఉన్న కష్టమేంటో నాన్న ఒకసారి నాకు గంటసేపు చెప్పాడు. ఖాతా పుస్తకం మూయించి మరీ చెప్పాడు. బెడ్డుని, అంటే లేతు మొత్తాన్నీ మోసే పొడుగు ఇనప దిమ్మని, పోత పోస్తారు. పోత ఇనుము చల్లారేటప్పుడు లోపల ఒకచోట బిగుసుకుంటుంది, ఒకచోట లాగుతుంది. దాన్ని వెంటనే గీకి లేతు చేసేస్తే, కొన్నాళ్లకి బెడ్డు తనంతట తనే వంగుతుంది. కంటికి కనపడనంత వంపే, కానీ దాని మీద తిప్పిన ప్రతి షాఫ్టుకీ ఆ వంపు అంటుకుంటుంది. అందుకని పాతకాలంలో పోతల్ని ఆరుబయట నెలల తరబడి ఎండకీ వానకీ వదిలేసేవాళ్లు. లోపలున్న బిగువంతా తీరాక అప్పుడు తెచ్చి పనిలో పెట్టేవాళ్లు. అప్పు తెచ్చిన డబ్బు పెరట్లో తుప్పు పడుతూ కూర్చున్నట్టే కదా అన్నాను. "అదే మరి, ఓపిక లేనోడు లేతు సెయ్యకూడదు" అన్నాడు.

ఆ తర్వాత స్క్రాపింగు. సర్ఫేసు ప్లేటుకి నీలిరంగు పల్చగా పూసి బెడ్డు మీద ఆనిస్తారు. ఎత్తుగా ఉన్నచోట నీలం అంటుకుంటుంది. అక్కడ చేత్తో స్క్రాపరు పట్టి చిటికెడు గీకుతారు. మళ్లీ ఆనిస్తారు, మళ్లీ గీకుతారు. నీలం చుక్కలు బెడ్డంతా ఒక్కలా పరుచుకునేదాకా ఇదే పని. మా లేతు బెడ్డు మీద చక్ దగ్గర, అంటే ముక్కని పట్టుకుని తిప్పే చోట, ఆ గీతలు ఎప్పుడో అరిగిపోయాయి, టెయిల్ స్టాక్ ఉండే రెండో చివర మాత్రం ఇంకా తళతళలాడుతూ కనిపిస్తాయి. హరిహర్‌లో ఏ మనిషి చేతులో అవి.

పాత లేతు కొనేవాళ్లకి నాన్న చెప్పే పరీక్ష ఒకటుంది. పనంతా చక్ దగ్గరే జరుగుతుంది కాబట్టి బెడ్డు అక్కడే ఎక్కువ అరుగుతుంది. ఉలిని మోస్తూ బెడ్డు మీద జరిగే క్యారేజీని చక్ దగ్గరికి తెచ్చి కదలీ కదలకుండా బిగించి, తర్వాత రెండో చివరికి తిప్పుకుంటూ పొండి. సాఫీగా వెళ్తే బెడ్డు బాగున్నట్టు. మధ్యలో పట్టేసిందా, అమ్మేవాడు ఎంత తగ్గించినా తీసుకోవద్దు. మా లేతుని ఆయన విశాఖపట్నంలో వేలంలో అలా పరీక్ష చేసే కొన్నాడు. కొన్న డబ్బులో సగం ఆయనది, సగం చిన్నాన్నది. గొడవకి బీజం అక్కడే పడింది.

షాపు బాగా నడిచింది. రైసుమిల్లు షాఫ్టులు, చెరకు గానుగల రోళ్లు, జూట్ మిల్లు సామాను. సాలూరు నుంచి లారీ హబ్బులు దండిగా వచ్చేవి. ఒరిస్సా ఘాటీ ఎక్కి దిగే లారీలకి ఏదో ఒకటి అరగని నెల ఉండదు. "మేస్త్రీ, రాత్రికల్లా అయిపోవాలి" అనని డ్రైవరు లేడు. పగలు నాన్న, రాత్రి చిన్నాన్న నిలబడేవాళ్లు.

విడిపోదామని ఎవరు ముందన్నారో నాకు తెలీదు, రెండిళ్లలోనూ రెండు రకాలుగా చెప్తారు. పెద్దమనుషులొచ్చి కూర్చున్నారు. డబ్బు పంచారు, రావలసిన బాకీలు పంచారు. లేతు దగ్గర ఆగిపోయారు. పొలమైతే గట్టు వెయ్యొచ్చు. ఇల్లయితే గోడ కట్టొచ్చు. చివరికి లేతు, త్రీ జా చక్ నాన్నకి. డ్రిల్లింగు మిషను, గ్రైండరు, ఫోర్ జా చక్, గేర్ల పెట్టె చిన్నాన్నకి. రాసిన పెద్దాయనకి లేతు గురించి ఏమీ తెలీదు. గేర్ల పెట్టె అంటే విడి సామాననుకున్నాడు. చిన్నాన్నకి తెలుసు, నోరు మెదపలేదు.

ఆ పెట్టెలో 127 పళ్ల గేరు ఒకటి ఉంది. దాని సంగతి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. లేతు మీద మర కోసేటప్పుడు క్యారేజీని జరిపే పొడుగు స్క్రూని లీడ్ స్క్రూ అంటారు. మా లేతుది అంగుళాల లెక్క. దేశంలో మీటర్లు, కిలోల లెక్కకి 1956లో చట్టం చేశారు, కానీ పాత మిషన్లు చట్టం చదవవు కదా. బోల్టులేమో రానురాను మిల్లీమీటర్లలోకి వచ్చేశాయి. అంగుళానికి 25.4 మిల్లీమీటర్లు. దాన్ని అయిదుతో హెచ్చిస్తే 127. అంగుళాల లీడ్ స్క్రూతో మిల్లీమీటరు మర ఖచ్చితంగా కొయ్యాలంటే మధ్యలో 127 పళ్ల గేరు ఉండాల్సిందే. అంటే పంపకంలో నాన్నకి లేతు వచ్చింది, దాని సగం పని మాత్రం తమ్ముడి ఇంట్లో అటక మీద కూర్చుంది.

పోనీ కొత్త గేరు కోయించుకుందామా అంటే అదీ తేలిక కాదు. 127ని ఏ అంకే భాగించదు. పళ్లని సమంగా విడదీసే డివైడింగు హెడ్డుకి ఉండే మామూలు పళ్లేల మీద ఆ లెక్కకి సరిపడే కన్నాలు ఉండవు. వేరే గేర్లు కట్టి తిప్పలు పడి కొయ్యాలి, మా వైపు అంత శ్రద్ధగా చేసేవాడు దొరకలేదు. నాన్న 63 పళ్ల గేరుతో సర్దుకున్నాడు. అది దగ్గర దగ్గరగా వస్తుంది. బోల్టుకి, నట్టుకి తేడా తెలీదు. పొడుగు స్క్రూ కొయ్యమని ఎవరైనా వస్తే మాత్రం ఇప్పుడు ఖాళీ లేదని పంపేసేవాడు. తమ్ముణ్ణి అడగడు. చిన్నాన్న పంజాబులోని బటాలాలో చేసిన లేతు ఒకటి కొన్నాడు. దాని బెడ్డు పొట్టిది. పొడుగు షాఫ్టులొస్తే రిక్షాలో మా షాపుకి పంపేవాడు, తను రాకుండా. నాన్న ఏమీ అనకుండా తిప్పి పంపేవాడు. "రాయి పాపా, చిన్నాన్న ఖాతాలో రాయి" అనేవాడు నాతో. రాశాను. ఒక్కటీ వసూలు కాలేదు.

కిర్లోస్కర్ కుటుంబం గురించి చదువుతుంటే నేను వెతికింది ఇదే, వీళ్లు ఎలా పంచుకున్నారా అని. వాళ్లు ఒక షాపుని ముక్కలు చెయ్యలేదు, తలో ఊళ్లో కొత్త వేరు వేశారు. లక్ష్మణరావు కొడుకు శంతనురావు అమెరికాలో ఎంఐటీలో మెకానికల్ ఇంజనీరింగ్ చదివి 1926లో పట్టా తీసుకుని తిరిగొచ్చాడు. 1946లో పుణెలో ఆయిల్ ఇంజన్స్, అదే ఏడు బెంగళూరులో ఎలక్ట్రిక్ కంపెనీ మొదలయ్యాయి. హరిహర్‌లో లేతులు, కిర్లోస్కర్‌వాడిలో పంపులు అప్పటికే ఉన్నాయి. లక్ష్మణరావు ఇంకో సోదరుడు వాసుదేవరావు కొడుకు శంకరరావుకి రాత మీద మనసని మరాఠీ పత్రికలు నడిపాడు, ఆడవాళ్ల కోసం 1930లో స్త్రీ అనే పత్రిక పెట్టాడు. ఇనుము మీద ఆసక్తి లేని పిల్లాడికి కూడా చోటు చూపించిన ఇల్లది. మా ఇళ్లలో అలాంటి పిల్లాణ్ణి పనికిరానోడంటారు.

అయితే ఆ తెలివీ అన్ని తరాలూ నిలవలేదు. శంతనురావు మనవలు 2009లో రాసుకున్న కుటుంబ ఒప్పందం మీద కోర్టుకెక్కారు. 2021లో సుప్రీంకోర్టు మధ్యవర్తిత్వంతో తేల్చుకోవడానికి చూడమంది. బొబ్బిలిలో ముగ్గురు పెద్దమనుషులు తేల్చలేనిది ఢిల్లీలో జడ్జీలకీ తేలిక కాలేదని చదివి నాకు కొంచెం ఊరట కలిగిన మాట నిజం.

ఈ పంపకాలకీ హరిహర్ మూతపడటానికీ మాత్రం సంబంధం అంటగట్టను. లేతులు చేసేవాళ్లకి 1991 తర్వాత కాలం మారిపోయింది. దిగుమతి సుంకాలు తగ్గాయి, సీఎన్‌సీ, అంటే కంప్యూటరు నడిపే మిషను వచ్చింది. చేతి లేతులు కొనేవాళ్లూ చవగ్గా దొరికే పంజాబు, రాజ్‌కోట్ మిషన్ల వైపు వెళ్లారు. అరవై ఏళ్లు నడిచినా చెడని టర్న్‌మాస్టర్ లేతు చేసిన కంపెనీ 2000 దాటాక మూతపడింది. అంత గట్టిగా చేశారు కాబట్టే రెండోది ఎవరూ కొనలేదని షాపుల్లో ఒక మాట తిరుగుతుంది. వినడానికి బాగుంటుంది కానీ అది సరైన లెక్క కాదు. కంప్యూటరు లేతులోకి వేగంగా మళ్లినవాళ్లు బతికారు, మళ్లలేనివాళ్లు పోయారు, ప్రభుత్వ కంపెనీ హెచ్ఎంటీ కూడా ఆ దెబ్బ తిన్నది.

మళ్లినవాళ్ల సంగతి నాకు తెలిసింది చిన్నాన్న కొడుకు వల్ల. తమ్ముడు మాతో మాట్లాడతాడు, తండ్రుల గొడవ వాడికి పట్టలేదు. బెంగళూరులో మిషన్ల ఎగ్జిబిషనుకి వెళ్లి సంచీడు కేటలాగులు తెచ్చి మా అరుగు మీద పరిచాడు. జపాన్ ఓకుమా కంపెనీ 1898లో నూడుల్స్ చేసే మిషన్లతో మొదలైందట. మజాక్‌ని 1919లో నగోయాలో యమజాకి అనే ఆయన వంట గిన్నెలు చెయ్యడానికి పెట్టాడు, తర్వాత చాపలు నేసే మిషన్లు, ఆపైన లేతులు. నాన్న అప్పటికి మంచం పట్టాడు. విని, "ఎవుడూ లేతు కోసం మొదలెట్టనేదు. సేతిలో పనికి లేతు కావలసొచ్చి మొదలెట్టినారు" అన్నాడు.

ఇప్పుడు నాన్న లేరు, చిన్నాన్న లేరు. తమ్ముడు గ్రోత్ సెంటర్‌లో షెడ్డు తీసుకుని కంప్యూటరు మిషన్లు రెండు పెట్టాడు. వైజాగ్ కంపెనీల ఆర్డర్లు, ఒకేలాంటి ముక్కలు వందలకొద్దీ చేస్తాడు. ఒక్క బుష్షు కావాలని రైసుమిల్లాయన వస్తే మా షాపుకే పంపుతాడు. ఒక్క ముక్క కోసం ప్రోగ్రాం రాసి మిషను ఆపుకోవడం దండగని వాడి లెక్క. మా దగ్గర నాన్న దగ్గర పని నేర్చుకున్న టర్నరు ఉన్నాడు. ఆయనతో షాపు నడుస్తోంది.

పోయిన సీజన్లో గానుగ ప్రెస్సుకి పొడుగు స్క్రూ ఒకటి వచ్చింది, మిల్లీమీటర్లలో. 63తో కుదరదని టర్నరు తేల్చేశాడు. తమ్ముడికి ఫోను చేసి, అటక మీద మీ నాన్న గేర్ల పెట్టె ఉంటుంది చూడరా అన్నాను. చూశాడు. ఎప్పుడో పాతసామానుకి వేసేశారట. వినగానే నాకు నోట మాట రాలేదు. వాడు మాత్రం, "దానికేటప్పా, కొలత పంపు" అన్నాడు. వాడి మిషను మీద బల్ల దానంతటదే ఎంత కావాలంటే అంత తిరుగుతుంది. 127 అని కొడితే 127 పళ్లు కోసేస్తుంది, ఏ అంకె భాగిస్తుందో దానికి అక్కర్లేదు. సాయంత్రానికి గేరు పంపాడు. కీవే దగ్గర కొంచెం బిగువుంటే టర్నరు ఆకురాయి పట్టి సరిచేశాడు. స్క్రూ బాగా వచ్చింది.

గేరుతో పాటు బిల్లు కూడా పంపాడు, జీఎస్టీతో సహా. నేను పాత పుస్తకాలు తీసి చిన్నాన్న ఖాతాలో తిప్పిన షాఫ్టుల డబ్బంతా కూడి చూశాను. వడ్డీ వెయ్యలేదు. అయినా వాడే మాకు బాకీ తేలాడు. ఆ పేజీలన్నీ ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టాను. నీలం టిక్కులు పడ్డాయి, జవాబు ఇంకా రాలేదు.